వంటిళ్ళ మీది మైసన్న

కామారెడ్డి స్టేషను రోడ్డులోని హోటళ్ళన్నీ మా తాత మైసన్నకు తెలుసు. అయితే పైనుంచే తెలుసు. ఏ పెంకు కదులుతుందో, ఏ దూలం మీద కాలు వేస్తే ఇల్లంతా మూలుగుతుందో, ఏ గోడ మీద పిల్లి పడుకుంటుందో అడిగితే టకటకా చెప్పేవాడు. లోపల బల్లలు ఎటు వేసి ఉంటాయని అడిగితే మాత్రం తల గోక్కునేవాడు.

ఆయనకు బాప్తిస్మంలో మోషే అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకొని పక్కకు తప్పుకొని దారి ఇచ్చేవాడట. అందుకని అందరూ మైసన్న అనే పిలిచారు.

ఆయన పని హోటళ్ళ పొగగొట్టాలు తోమడం. నిజాం రాజ్యం రోజులు, పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. రైలు దిగినవాళ్ళకు వేడివేడి మిర్చీలు, పూరీలు వేసే హోటళ్ళు స్టేషను ముందు వరుసగా ఉండేవి. ఇంటి పొయ్యి మసి పొడిగా రాలిపోతుంది. హోటలు మసి అలా కాదు. అది నూనె తాగిన మసి. గొట్టం గోడలకు పాకంలా పట్టుకొని, ఎండాకాలంలో కరిగి, చలికాలంలో రాయిలా గట్టిపడుతుంది. దాన్ని వదిలించడానికి తాత దగ్గర ఈతమట్టల కట్ట ఒకటి ఉండేది. కట్టకు అడుగున గుండురాయి, మీద పొడవాటి మోకు. చౌడుమట్టి కలిపిన నీళ్ళు పోసి, కట్టను గొట్టంలోకి దించి, పైకీ కిందికీ లాగేవాడు.

గొట్టం పైన ఇంకో వస్తువు ఉండేది. రేకు రెక్కలున్న గుండ్రని టోపీ. గాలికి గిరగిరా తిరుగుతూ కింది పొగను పైకి లాగుతుంది. సికింద్రాబాదులో రైలుపని నేర్చిన ఒక రేకులాయన కామారెడ్డికి వచ్చి అలాంటివి చేసి పెట్టాడు. కప్పు మీద ఉంటుంది కాబట్టి దాన్ని అందరూ 'మీది పంకా' అనేవారు. మిర్చీల జిడ్డు దాని ఇరుసుకు పట్టిందంటే తిరగడం మానేసి కీచుమంటుంది. "ఆకలైతున్నదంట" అని తాత నిచ్చెన తీసుకొని వెళ్ళేవాడు. పంకాను విప్పి, గీకి, చౌడునీళ్ళలో నానబెట్టి, ఇరుసుకు ఆముదం తాగించి మళ్ళీ బిగించేవాడు. పసిపిల్లకు స్నానం చేయించినట్టు చేసేవాడని చూసినవాళ్ళు చెప్పారు. ఆయన మా నాన్నకు స్నానం చేయించినప్పుడు అంత ఓపిక చూపలేదని మా నాయనమ్మ లిదియా ఇప్పటికీ అంటుంది.

కట్ట దించే ముందు కింద పొయ్యి ఆరి ఉండాలి, గిన్నెల మీద మూతలు ఉండాలి. అందుకు ఒక పద్ధతి పెట్టుకున్నారు. తాత గొట్టం మీద కర్రతో టక్ టక్ అని కొడతాడు. లోపలి వంటాయన అంతా సిద్ధంగా ఉంటే గంటెతో గుండిగ అంచు మీద ఠంగ్ ఠంగ్ అని కొడతాడు. అంతే మాటలు. అందరికంటే పెద్ద హోటలు గంగారాం సేటుది. అక్కడి వంటాయన లింగంతో తాత ఏళ్ళ తరబడి ఇలాగే మాట్లాడాడు.

లోపలికి వెళ్ళి నోటితో అడగవచ్చు కదా అని నేను చిన్నప్పుడు అడిగాను. తాత నవ్వాడు. మా వాడ మనుషులు ఆ హోటళ్ళ గడప తొక్కే కాలం కాదు అది. వెనక సందులోంచి వచ్చి, వెనక గోడకు నిచ్చెన వేసుకొని, పైకెక్కి పని చేసి, అటే దిగిపోవాలి. చాయ్ ఇస్తే పెరట్లోనే. గ్లాసు ఎవరిది వాళ్ళు చూరులో దోపుకోవాలి. తాత దానికి బాధపడ్డానని ఎప్పుడూ చెప్పలేదు. బాధపడలేదనీ చెప్పలేదు.

ఇక పెళ్ళి సంగతి.

ఎల్లారెడ్డిలో చర్చివాళ్ళు నడిపే ఆడపిల్లల బోర్డింగు ఒకటి ఉండేది. అందులో వంటమనిషి సాలవ్వ. ఆమె బిడ్డే మా నాయనమ్మ లిదియా. అక్కడే చదువుకొని, అక్కడే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఒకరోజు బోర్డింగుకు రైల్లో రావలసిన దుప్పట్ల మూట కోసం తల్లీబిడ్డలు కామారెడ్డి స్టేషనుకు వచ్చారు. రైలు రాలేదు. గంగారాం హోటలు ఎదుట నీడలో కూర్చున్నారు. సాలవ్వ చూపు హోటలు కప్పు మీదికి పోయింది.

"గదేందే, గిరగిర తిరుగుతున్నది?" అని బిడ్డనడిగింది.

బిడ్డ నోరు తెరిచేలోపు కప్పు మీంచే జవాబు వచ్చింది. "మీది పంకా అవ్వా. పొగను గుంజి అవుతల పడేస్తది. కింద వంట చేసేటోళ్ళ కంట్ల చుక్క నీళ్ళు రావు."

లిదియా తలెత్తింది. నల్లటి ముఖం, అందులో రెండు కళ్ళు, వరుసగా పళ్ళు.

"అవ్వా, కోతి మాట్లాడుతున్నది," అంది.

"కోతి గాదు, మనిషినే. నా పేరు మైసన్న."

"కోతులకు పేర్లు గూడ పెడుతున్నరా ఈ ఊర్ల?"

తాత ఆ మాటకు మోకు వదిలేశాడట. గుండురాయితో సహా కట్ట, పంకా విప్పి ఉన్న పక్క గొట్టంలోకి జారిపోయింది. దాన్ని పైకి తీసేసరికి రైలు వచ్చింది, దుప్పట్లు వచ్చాయి, తల్లీబిడ్డలు వెళ్ళిపోయారు. తాత మాత్రం ఎల్లారెడ్డి నుంచి ఎవరు వచ్చినా ఆ బోర్డింగు గురించి అడగడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు తాత పెద్దబాపు, అంటే పెదనాన్న, స్వామిదాసు సంబంధం అడగడానికి ఎల్లారెడ్డి వెళ్ళాడు. తాతకు తండ్రి లేడు, పెంచింది ఈయనే. సాలవ్వ అంతా విని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడుపు కాదు, పొగ.

"పిలగాడు మంచోడని నువ్వు అంటున్నవ్. నాకు మనిషి సంగతి పొయ్యికాడ తెలుస్తది," అంది. "ఈ వంటింట్ల పొగకు నా కండ్లు ఎర్రగ మండుతున్నయ్. గొట్టమున్నది గని పొగ నా మొకానికే కొడతది. మీ పిలగాడు వచ్చి పొగ పోగొట్టాలె. పోతే పిల్లనిస్త. పోకుంటే మీ తొవ్వ మీది."

స్వామిదాసు తిరిగి వచ్చి చెబితే తాత ఎగిరి గంతేశాడు. పొగ పోగొట్టడమే కదా తన పని. రేకులాయన్ను బతిమాలి, పగలంతా ఆయన దగ్గర రేకులు పట్టుకొని కూర్చొని, కొత్త పంకా ఒకటి చేయించాడు. తెల్ల ధోవతి కట్టుకొని, కట్ట, మోకు భుజాన వేసుకొని, పెద్దబాపును తీసుకొని, ఎల్లారెడ్డి బస్సెక్కాడు. పంకాను సంచిలో పెట్టమంటే పెట్టలేదు, రెక్కలు వంగుతాయట. బస్సు మీదికెక్కి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. దారి పొడుగునా అది గాలికి గిర్రున తిరుగుతూనే ఉంది. లింగంపేటలో బస్సు ఆగితే జనం చుట్టూ చేరి, "గాలితోని నడిచే మిషను పెట్టిండ్రా బస్సుకు?" అని డ్రైవరును అడిగారు. డ్రైవరు అవునన్నాడు.

ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. సాలవ్వ వచ్చేవాళ్ళ కోసం బగారన్నం, కోడికూర పెట్టింది. ఆ వంకతో బోర్డింగు పిల్లలందరికీ కూడా కోడికూరే. వాళ్ళకు అది ఏ పండక్కో తప్ప దొరికేది కాదు. అందుకని పొద్దున్నుంచి పాఠాల మీద ఎవరికీ ధ్యాస లేదు. సాలవ్వ వంటింట్లోంచే స్వామిదాసును పలకరించింది.

"ముందుగాల తిందురు. పని తిన్నంక జూస్కోవచ్చు."

"మంచిది చెల్లే," అన్నాడు స్వామిదాసు, అరుగు మీద కూర్చుంటూ. ఆ మాట చెబుదామని తాత కోసం వెనక్కి తిరిగి చూశాడు. తాత లేడు. కాళ్ళు కడుక్కోవడానికి పోయాడేమో అనుకున్నాడు.

తాత పోయింది వెనక గోడ దగ్గరికి. ఎవరూ చెప్పలేదు. ఆ కాళ్ళు ఏ వంటిల్లు కనిపించినా దాని వెనక్కే నడిచేవి. అక్కడ నిచ్చెన కూడా ఉంది. ఎక్కాడు. గొట్టం లోపలికి తొంగి చూశాడు. ఏళ్ళనాటి మసి మధ్యలో గోరింకలు గూడు కట్టి వదిలేసి పోయాయి. పొగ సందుల్లోంచి సన్నగా వస్తోంది. గొట్టం మూసుకుపోయింది కదా, లోపల ఆర్పినాక మిగిలిన పొగ అనుకున్నాడు. పద్ధతి ప్రకారం కర్రతో టక్ టక్ అని కొట్టాడు.

సరిగ్గా అప్పుడే సాలవ్వ గంటెకు అంటిన కూరను దులపడానికి గుండిగ అంచు మీద ఠంగ్ ఠంగ్ అని కొట్టింది.

ఎంత చక్కటి జవాబు. కామారెడ్డిలో లింగం కూడా అంత స్పష్టంగా కొట్టడు. తాత మెచ్చుకుంటూ కట్టను దించి, గుండురాయి బరువంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు.

ఆ తరువాత జరిగింది మా నాయనమ్మ చెబితేనే వినాలి. బడిగదిలో ఉన్న ఆమెకు ధబ్బుమని చప్పుడు వినపడింది. పిల్లలతో పరుగెత్తుకొచ్చేసరికి వంటింటి తలుపులోంచి నల్లని మేఘం ఒకటి తాపీగా బయటికి వస్తోంది. దాని వెనక సాలవ్వ వచ్చింది. నల్లటి ముఖం, రెండు కళ్ళు. పళ్ళు కనపడలేదు, ఎందుకంటే ఆమె నవ్వడం లేదు. తలలో గోరింకగూడు పుల్ల ఒకటి గుచ్చుకొని ఉంది.

కూర గుండిగ నిండా మసి. పిల్లల్లో చిన్నది ఏడుపు అందుకుంది. మిగతావాళ్ళకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"ఓ పిలగా," అని పిలిచింది సాలవ్వ కప్పు వైపు చూస్తూ.

"ఆఁ అవ్వా."

"దిగు."

"జర ఆగి దిగుత అవ్వా."

"ఇప్పుడే దిగు."

తాత దిగలేదు. కప్పు మీద గొట్టాన్ని కౌగిలించుకొని కూర్చున్నాడు. స్వామిదాసు లేచి కండువా సర్దుకొని, "చిన్నపోరడు చెల్లే, తెల్వక..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు కూసో అన్నా," అంది సాలవ్వ. ఆయన కూర్చున్నాడు. ఆమె మళ్ళీ పైకి చూసింది. "పొయ్యిల మంటున్నదో లేదో చూడకుంటనే రాయి ఏస్తరా ఎవరన్నా?"

"కొట్టి అడిగిన అవ్వా. నువ్వు గూడ కొడితివి గద."

"నేనేం కొట్టిన?"

"గంటెతోని. రెండుసార్లు."

సాలవ్వకు ఆ సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం ఇంకా ఎక్కువైంది. "నేను కూర దులుపుకుంటే నీకు జవాబా? వంటింటికి వాకిలి లేదా? తలుపు తీసే ఉన్నది. లోపటికొచ్చి పొయ్యి చూడనీకి నీకు కాళ్ళు లేవా?"

తాత గొట్టాన్ని వదిలి చూరు అంచు దాకా జరిగాడు. తరువాత, "నేను ఎన్నడు వాకిట్లకెల్లి వంటింట్లకు పోలే అవ్వా," అన్నాడు.

"ఏ వంటింట్లకు?"

"దేంట్లకు పోలే. రానియ్యరు గద. మీదికెల్లే చూస్త."

"అది వాళ్ళ హోటలు. ఇది మనది గదరా."

"యాదికి రాలే అవ్వా."

సాలవ్వ తల మీది పుల్ల తీసి పారేసింది. కొంగుతో ముఖం తుడుచుకోబోయి, తుడుచుకుంటే ఇంకా పాడవుతుందని మానేసింది. ఆమె గొంతు దిగింది కానీ మాట దిగలేదు.

"కిందికి రా. ఈ ముంగటి వాకిట్లకెల్లి లోపటికి నడువు."

తాత దిగి వచ్చాడు. అందరూ చూస్తుండగా, పెళ్ళికొడుకు నడకలాగే నడిచి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళాడు. సాలవ్వ పొయ్యి చూపింది, గొట్టం అడుగు చూపింది, పొగ తన ముఖానికి ఎలా కొడుతుందో నిలబడి చూపింది. ఆ తరువాత చేతికి చీపురిచ్చింది. కోడికూర పోయింది కాబట్టి పిల్లలకు పచ్చిపులుసు, బగారన్నం. తాత ఊడ్చి, కడిగి, పులుసుకు చింతపండు పిసికాడు. పులుసు నల్లగా ఉందని ఎవరో అంటే, "చింతపండు పాతది," అన్నాడు. లిదియా కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పరుగెత్తింది.

సాయంత్రానికి పంకా బిగించాడు. అందరూ కప్పు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆకు కదలలేదు. బస్సు మీద అంత ఉత్సాహంగా తిరిగిన పంకా బోర్డింగు మీద బిగుసుకొని కూర్చుంది. తాత నోటితో ఊదాడని నాయనమ్మ అంటుంది, ఆయన ఒప్పుకోడు. సాలవ్వ అదేమీ చూడలేదు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించి, దాని ముందు కూర్చొని, కళ్ళు తెరుచుకొని ఎదురుచూసింది. తరువాత బయటికి వచ్చింది.

"పొగ పోతున్నది," అంది స్వామిదాసుతో. "గా రేకుటోపీ తిరగకున్నా పోతున్నది. గూడు తీసిండు, సాలు."

స్వామిదాసు ముఖం వెలిగింది. "మరి పిల్లను..."

"పొగ పోతే ఇస్తనన్న. గది అప్పటి మాట. కూరల మసి పడనప్పటిది." ఆమె తాత వైపు తిరిగింది. "వాకిలి యాడున్నదో ఎరుగనోనికి పిల్లనెట్లియ్యాలె? రేపు ఇంకోని పొయ్యిల గూడ గిట్లనే రాయి ఏస్తవ్. ఇంకోని కూర గాదు, నెత్తే పలుగుతది. ముందుగాల లోపటికి పోయి పొయ్యి చూసి, అటెన్క మీదికెక్కు. నువ్వు రోజు పనిచేసేకాడ గూడ. గా గంగారాం హోటల్ల గట్ల చేసి వచ్చి నాకు చెప్పు. అప్పుడు పిల్లనిస్త."

"వాళ్ళు రానియ్యకపోతే?" అన్నాడు తాత.

"ఎక్కకు."

కామారెడ్డి బస్సులో తాత మీదికెక్కకుండా కిందే కూర్చున్నాడు.

గంగారాం సేటు చెడ్డవాడు కాదు. అందరిలాంటివాడు. తాత చెప్పింది విని, చేతిలో పని ఆపి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ పెండ్లికి, నా వంటింటికి ఏం సంబంధంరా?"

"నాకు గూడ తెల్వది సేటూ. గామె గట్లన్నది."

"గామె అంటే మా వంటింట్లకు వస్తవా? పనిచేస్తవా, చెయ్యవా?"

"చేస్త. పొయ్యి చూసినంకనే చేస్త."

"ఇంకొకన్ని తెచ్చుకుంట పో."

తెచ్చుకున్నాడు. ఆ వచ్చినవాడు ధైర్యంగా ఎక్కి, కట్టను ధైర్యంగా దించి, మోకు తెంపుకొని, కట్టను గొట్టంలోనే వదిలి దిగిపోయాడు. మరునాడు మిర్చీల నూనె కాగేసరికి పొగ పైకి పోలేక బల్లల మీదికి వచ్చింది. రైలు దిగి తినడానికి వచ్చినవాళ్ళు తినకుండానే ఏడ్చారు. మిర్చి ఘాటుకు స్టేషను రోడ్డంతా దగ్గింది. పక్క హోటలువాడు మాత్రం చాలా ఆరోగ్యంగా కనిపించాడు. తాత ఇదంతా ఎదురుగా గోడ మీద కూర్చొని చూశాడు. లోపల సంతోషంగా ఉన్నా ముఖం చిన్నబుచ్చుకొని కూర్చున్నానని చెబుతాడు. ఆ పని గొట్టాలు తోమడం కంటే కష్టమట.

చివరికి వంటాయన లింగం గంటె పట్టుకొని సేటు ముందుకు వచ్చాడు. ఆయన కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి.

"సేటూ, గా గొట్టం తట్టేటోన్ని పిలిపిస్తవా, నన్ను పొమ్మంటవా?"

"వాడు లోపటికి వస్తనంటున్నడు."

"రానియ్యి. నాకేం కండ్లు కనవడుతున్నయా, ఎవరొచ్చింది చూడనీకి?"

సేటు చాలాసేపు ఆలోచించాడు. మధ్యాహ్నం హోటలు మూసే వేళ, జనం లేనప్పుడు, పొయ్యిలన్నీ ఆర్పి, వెనక తలుపు తీయించాడు. తాత గడప దాటాడు. లోపల లింగం ఒక్కడే ఉన్నాడు. ఇద్దరూ బజారులో ఎన్నోసార్లు ఎదురుపడి ఉంటారు. టక్ టక్ లేని మైసన్నను లింగం ఎరగడు, ఠంగ్ ఠంగ్ లేని లింగాన్ని మైసన్న ఎరగడు.

"తట్టేటోనివి నువ్వేనా?" అన్నాడు లింగం.

"కొట్టేటోనివి నువ్వేనా?" అన్నాడు తాత.

"సన్నగున్నవ్. గట్టిగ కొడతవ్ గదా, ఇంత పెద్ద మనిషనుకున్న."

తాత గొట్టం అడుగున పడుకొని పైకి చూశాడు, పొయ్యి పక్కన నిలబడి చూశాడు, బల్లలు ఎటు ఉన్నాయో కూడా తల తిప్పి చూశాడు. ఆ తరువాతే వెనక గోడకు నిచ్చెన వేసి, ఇరుక్కున్న కట్టను లాగేశాడు. ఆయన బయటికి వెళ్ళాక లోపల నీళ్ళు చల్లమని సేటు లింగానికి చెప్పాడు. లింగం చల్లాడనే తాత అంటాడు. చల్లలేదని నాయనమ్మ అంటుంది. ఆ రోజు ఆమె కామారెడ్డిలోనే లేదు.

ఆ వారంలోనే తాత మళ్ళీ ఎల్లారెడ్డి బస్సు దిగాడు. ఈసారి వెనక గోడ వైపు పోలేదు. బోర్డింగు వంటింటి ముందు వాకిట్లోంచి లోపలికి నడిచి, పొయ్యి పక్కన నిలబడ్డాడు. సాలవ్వ జొన్నరొట్టె తడుతూ తల ఎత్తలేదు.

"పోయినవా?"

"పోయిన అవ్వా."

"ఏం చూసినవ్?"

"పొయ్యి నేననుకున్న జాగల లేదు. అవుతలి గోడకున్నది. గొట్టం లోపట అడ్డం తిరిగి దాని దాక పోతది. నడుమ మెట్టు లెక్క ఉంటది. మసంత దాని మీద కుప్పవడ్డది. ఇన్నేండ్లు నేను గోడనే తోమిన."

సాలవ్వ చేతిలో రొట్టె ఆగింది. ముందు భుజాలు కదిలాయి, తరువాత పొట్ట కదిలింది. రొట్టె పెనం మీద పడేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని నవ్వింది. ఆమె పళ్ళు చూడటం తాతకు అదే మొదటిసారి. పొగ లేకున్నా ఆమె కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి.

"ఇన్నేండ్లు గోడ తోమినవా పిలగా?"

"తోమిన అవ్వా."

"అవ్వా అనుడు బందువెట్టు ఇగ. అత్తా అను."

తాత నోరు తెరిచాడు. ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. తలుపు చాటు నుంచి లిదియా గొంతు వినిపించింది.

"తొందరవెట్టకే. కిందికెల్లి మాట్లాడుడు ఇప్పుడిప్పుడే నేర్సుకుంటున్నడు."